మీ ప్రశ్నలు – మా జవాబులు: గుండె లయ తప్పినప్పుడు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో గుండె దడ గురించి, నాడి తప్పడం గురించి అడిగినవే ఎక్కువగా ఉన్నాయి. ఒకే రకం సమస్యతో పలువురు రాసినందున, రకానికొక ఉత్తరం ఎంచుకుని, రాసినవారి పేర్లు తీసివేసి జవాబులిస్తున్నాను. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ స్కానింగు, రక్త పరీక్షల కాగితాలు జతచేశారు గానీ, దడ వస్తున్న సమయంలో తీసిన ఈసీజీని జతచేసినవారు ఒక్కరే. లయ జబ్బుల్లో నిర్ణయం ఎక్కువగా ఆధారపడేది ఆ ఒక్క కాగితం మీదే.

ప్రశ్న: నా వయసు 34. రెండేళ్లుగా నెలకో, రెండు నెలలకో ఒకసారి, ఊరికే కూర్చున్నప్పుడో, కిందపడిన వస్తువు తీయడానికి వంగినప్పుడో గుండె ఒక్కసారిగా పరుగందుకుంటోంది. మెడలో కూడా టకటకా కొట్టుకుంటున్నట్టు తెలుస్తుంది. పావుగంట, ఇరవై నిమిషాల తర్వాత మీట నొక్కినట్టు ఆగిపోతుంది. ఆసుపత్రికి చేరేసరికి అంతా మామూలే. మూడుసార్లు ఈసీజీ, ఒకసారి ఎకో తీసి నార్మల్ అన్నారు. టెన్షన్ అని నిద్రమాత్రలు రాశారు. ఇంట్లోవాళ్లు గ్యాస్ అంటున్నారు. నాకు నిజంగా జబ్బేమీ లేదా, డాక్టరు గారూ?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ ఉత్తరంలో ‘మీట నొక్కినట్టు’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయానమ్మా. ఆందోళన వల్ల వచ్చే దడ మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. అది ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు తగ్గిందో గడియారం చూసి చెప్పడం కష్టం. ఫలానా క్షణాన మొదలై ఫలానా క్షణాన తెగిపోయే దడ, అందులోనూ మెడలో కొట్టుకోవడం తెలిసే దడ, మేము ఎస్‌వీటీ అని పిలిచే లయదోషం కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. దడ ఆగిన తర్వాత మూత్రం ఎక్కువగా వస్తున్నట్టు మీరు గమనించి ఉంటే అది కూడా ఆ వైపే చూపిస్తుంది.

గుండెను నడిపించే విద్యుత్తు కుడి కర్ణిక పైభాగంలో ఉన్న సైనస్ నోడ్ దగ్గర పుట్టి, పై గదుల మీదుగా సాగి, ఏవీ నోడ్ అనే ద్వారం గుండా కింది గదులైన జఠరికలకు చేరుతుంది. కొందరికి ఆ ద్వారం దగ్గర పుట్టుకతోనే రెండు దారులుంటాయి. ఒకటి వేగంగా, మరొకటి నిదానంగా కరెంటును పంపుతుంది. సరిగ్గా అదను చూసుకుని ఒక అదనపు స్పందన వచ్చిపడితే, విద్యుత్తు ఒక దారిన దిగి రెండో దారిన పైకెక్కి గానుగెద్దులా అక్కడే తిరగడం మొదలుపెడుతుంది. అలా తిరుగుతున్నంతసేపూ గుండె సాధారణంగా నిమిషానికి 150 నుంచి 220 సార్లు కొట్టుకుంటుంది. ఆ చక్రం తెగిన క్షణాన మామూలు లయ వచ్చేస్తుంది. ఆ తర్వాత ఎన్ని ఈసీజీలు తీసినా అవి నార్మల్‌గానే ఉంటాయి, ఎందుకంటే మామూలు ఈసీజీ నమోదు చేసేది సుమారు పది సెకన్ల గుండె నడకను మాత్రమే. ఎకో గుండె కండరాన్ని, కవాటాలను చూపిస్తుంది గానీ కరెంటు నడిచే దారిలోని తేడాను చూపదు. కాబట్టి మీ రిపోర్టులు నార్మల్ కావడం నిజమే, మీ బాధ కూడా నిజమే.

దీనికి ఒక మినహాయింపు ఉంది. 1930లో వుల్ఫ్, పార్కిన్సన్, వైట్ అనే ముగ్గురు వైద్యులు వర్ణించిన లోపంలో పై గదులకూ కింది గదులకూ మధ్య ఒక దొడ్డిదారి ఉంటుంది. దాని గుర్తు దడ లేనప్పుడు తీసిన ఈసీజీలో కూడా చాలామందిలో కనిపిస్తుంది. అందుచేత మీ పాత ఈసీజీలు మూడూ పారేయకుండా గుండె లయ నిపుణులకు ఒకసారి చూపించండి.

ఈసారి దడ మొదలైతే పెద్దాసుపత్రి దాకా పరుగెత్తనక్కరలేదు. ఈసీజీ యంత్రం ఉన్న అతి దగ్గరి క్లినిక్‌కు, ఎవరినైనా తోడు తీసుకుని వెళ్లి, ఏ ఇంజెక్షన్ అయినా ఇచ్చేముందు ఈసీజీ తీయమని అడగండి. ఆ కాగితాన్ని అక్కడే ఫోటో తీసుకోండి, ఎందుకంటే ఆ రకం కాగితం మీది గీతలు కొన్నేళ్లకు వెలిసిపోతాయి. ఒంటికి 24 గంటలు కట్టుకునే హోల్టర్ పరీక్ష రోజూ దడ వచ్చేవారికి ఉపయోగం. నెలకోసారి వచ్చే దడ సరిగ్గా ఆ రోజే రావాలి కదా! అటువంటివారికి వారాల తరబడి దగ్గర ఉంచుకునే ఈవెంట్ రికార్డరు మేలు.

దడను ఆపడానికి ఇంట్లో చేయదగిన పద్ధతి ఒకటుంది. మంచం మీద వెనక్కి ఆనుకుని సగం కూర్చుని, ఖాళీ 10 మిల్లీలీటర్ల సిరంజి మొనను నోట పెట్టుకుని, లోపలి పిస్టను కదిలేటంత బలంగా 15 సెకన్లు ఊదాలి. వెంటనే వెల్లకిలా పడుకుంటే పక్కనున్నవారు కాళ్లు రెండూ ఏటవాలుగా పైకెత్తి మరో 15 సెకన్లు పట్టుకోవాలి. 2015లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ అధ్యయనంలో కూర్చుని ఊదినవారిలో 17 శాతం మందికి, ఇలా పడుకోబెట్టి కాళ్లెత్తినవారిలో 43 శాతం మందికి దడ ఆగింది. ఖర్చు లేని వైద్యం ఇంత బాగా పనిచేయడం అరుదు. దీనితో ఆగకపోతే ఆసుపత్రిలో అడినోసిన్ అనే మందును నరంలోకి వేగంగా ఇస్తారు; ఆ కొద్ది సెకన్లు ఛాతీ మీద బండ పెట్టినట్టు, ప్రాణం పోతున్నట్టు ఉంటుందని ముందే తెలిస్తే భయపడరు. ఆస్తమా ఉంటే మాత్రం ఆ సంగతి తప్పక చెప్పాలి. దడతో పాటు స్పృహ తప్పినా, ఛాతీ నొప్పి, ఆయాసం వచ్చినా ఈ ప్రయత్నాలేవీ చేయకుండా 108కు ఫోన్ చేయండి.

రోగం ఈసీజీలో దొరికితే శాశ్వత పరిష్కారం ఉంది. తొడ మొదట్లోని సిర ద్వారా సన్నని తీగలు పంపి, అదనపు దారిని వెతికి పట్టి వేడితో మాడ్చివేసే అబ్లేషన్‌లో నూటికి 95 మందికి పైగా నయమవుతుంది. అసలు ద్వారం దెబ్బతిని పేస్‌మేకర్ (కరెంటు సంకేతాలతో గుండెను నడిపించే యంత్రం) అవసరమయ్యే ప్రమాదం నూటికి ఒకరికో, అంతకంటే తక్కువో. నిద్రమాత్రలు దీనికి మందు కాదు. అయితే చాలాకాలంగా రోజూ వాడుతూ ఉంటే వాటిని ఒక్కసారిగా మానకుండా డాక్టరుతో చెప్పి తగ్గించుకోండి. రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు ఇప్పటిదాకా చేయించుకోకపోతే అవి మాత్రం చేయించండి.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. వ్యవసాయం చేస్తారు. బీపీ, షుగర్ ఉన్నాయి. మోకాలి ఆపరేషన్‌కు ముందు పరీక్షల్లో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉందన్నారు. ఆయనకు దడ లేదు, ఆయాసం లేదు. అయినా రోజుకు రెండుసార్లు ఎపిక్సబాన్ అనే రక్తం పలచబరిచే మాత్ర జీవితాంతం వాడాలన్నారు. ఐదేళ్లుగా ఆయన ఆస్పిరిన్ వేసుకుంటూనే ఉన్నారు, అది చాలదా? పన్ను పీకించుకోవాల్సి వచ్చి ఆయనే నాలుగు రోజుల నుంచి కొత్త మాత్ర మానేశారు.
– ఒక పాఠకుడు, సిద్దిపేట

జవాబు: చివరి వాక్యంతో మొదలుపెడతాను. ఈ పత్రిక మీ చేతికి అందేసరికి కూడా ఆయన మాత్ర మొదలుపెట్టకపోతే ఈరోజే డాక్టరుకు ఫోన్ చేసి మొదలుపెట్టించండి. ఎపిక్సబాన్ ప్రభావం ఒకటి రెండు రోజుల్లో పోతుంది, అంటే మానేసిన ఆ రోజులన్నీ ఆయన రక్షణ లేకుండా ఉన్నట్టే. ఒక పన్ను పీకడం వంటి చిన్న పనికి చాలామంది విషయంలో మందును రోజుల తరబడి ఆపనక్కరలేదు. ఒక మోతాదు వాయిదా వేయాలా, అదీ వద్దా అన్నది పంటి డాక్టరు, గుండె డాక్టరు మాట్లాడుకుని చెప్పవలసిన సంగతి.

ఈ జబ్బులో గుండె పై గదులు ముడుచుకోవడం మాని, నిమిషానికి 350 నుంచి 600 సార్లు వణుకుతూ ఉంటాయి. ఏవీ నోడ్ వాటిలో కొన్నింటినే కిందికి పంపడం వల్ల ప్రాణానికి వెంటనే ముప్పు రాదు గానీ, నాడి ఏ లెక్కకూ అందకుండా కొట్టుకుంటుంది. మణికట్టు దగ్గర నాడిని పూర్తిగా ఒక నిమిషం చూడండి: రెండు దెబ్బల మధ్య వ్యవధి ఒకసారి ఉన్నట్టు మరోసారి ఉండదు. అసలు ప్రమాదం వేగంలో కాదు, వణికే గదిలో రక్తం నిలవ ఉండిపోవడంలో ఉంది. ఎడమ కర్ణికకు చెవితమ్మెలా అంటుకుని ఉండే చిన్న సంచిలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఏదో ఒకరోజు కదిలి మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. ఈ లయదోషం ఉన్నవారికి పక్షవాతం వచ్చే అవకాశం లేనివారికంటే సుమారు ఐదు రెట్లు ఎక్కువ. దడ తెలియనంత మాత్రాన గడ్డ కట్టకుండా ఉండదు. మీ నాన్నగారికి బాధ లేకపోవడం అదృష్టమే గానీ, మందు అక్కరలేదనడానికి అది కారణం కాదు.

ఎవరికి మందు కావాలో వైద్యులు మార్కులు వేసి చూస్తారు. గుండె నీరసించి ఉంటే 1, బీపీకి 1, షుగర్‌కు 1, గుండెపోటు వంటి రక్తనాళాల జబ్బుకు 1, వయసు 65 నుంచి 74 మధ్య ఉంటే 1, 75 దాటితే 2, లోగడ పక్షవాతం వచ్చి ఉంటే 2. మీ నాన్నగారికి బీపీ, షుగర్, వయసు కలిపి 3 వచ్చాయి. రెండు దాటిన పురుషుడికి మందు ఇవ్వాలా వద్దా అన్న చర్చే లేదు.

ఇక ఆస్పిరిన్. ఇది మన ఇళ్లలో పాతుకుపోయిన అపోహ. ధమనుల్లో ఏర్పడే గడ్డలకు ఆస్పిరిన్ పనికొస్తుంది. కర్ణికలో నిలవ రక్తం గడ్డకట్టడాన్ని అది ఆపలేదు. రక్తం పలచబరిచే పాత మందు వార్ఫరిన్ వాడటానికి వీలుపడని ఐదువేల ఐదు వందల మందికి పైగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రోగుల్లో ఆస్పిరిన్‌ను, ఎపిక్సబాన్‌ను పోల్చిన అవెరోస్ అధ్యయనం 2011లో వెలువడింది. ఆస్పిరిన్ వర్గంలో ఏడాదికి నూటికి 3.7 మందికి పక్షవాతం వంటి ఉపద్రవాలు వస్తే, ఎపిక్సబాన్ వర్గంలో 1.6 మందికే వచ్చాయి. పెద్ద రక్తస్రావాలు మాత్రం రెండింటిలోనూ ఇంచుమించు సమానమే. ‘ఆస్పిరిన్ మెత్తని మందు, కొత్తది ప్రమాదకరమైనది’ అనుకునేవారికి ఆ చివరి ముక్క చదివి వినిపించాలి. మీ నాన్నగారికి స్టెంట్ గానీ గుండెపోటు గానీ లేకపోతే ఆస్పిరిన్ ఇంకా ఎందుకని డాక్టరును అడగండి. రెండూ కలిస్తే రక్తస్రావం పెరుగుతుంది. మోకాలి నొప్పికి మందుల షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలకూ ఇదే వర్తిస్తుంది.

మూత్రపిండాల పనితీరును బట్టి మోతాదు మారవచ్చు కాబట్టి ఏడాదికొకసారైనా క్రియాటినిన్ చూపించాలి. థైరాయిడ్ ఎక్కువైనా ఈ లయదోషం వస్తుంది గనుక ఆ పరీక్ష తప్పనిసరి. లయను తిరిగి సరిచేసే మార్గాలు, అంటే మందులు, కరెంటు షాకు, అబ్లేషన్ ఉన్నాయి. ఊపిరితిత్తుల నుంచి రక్తం తెచ్చే సిరల మొదళ్లలోనే ఈ అలజడి చాలావరకు పుడుతుందని 1998లో ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు కనిపెట్టిన తర్వాతే అబ్లేషన్‌కు ఒక దారి దొరికింది. జబ్బు బయటపడిన ఏడాదిలోపు లయను సరిచేసే ప్రయత్నం మొదలుపెడితే మేలని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం చూపింది కాబట్టి, బాధ లేదు కదా అని ఆ అవకాశాన్ని ఇప్పుడే కొట్టిపారేయకుండా డాక్టరుతో మాట్లాడండి. లయ సరిపడినా రక్తం పలచబరిచే మందు కొనసాగించాలా వద్దా అన్నది పై మార్కులను బట్టే తేలుతుంది.

మూతి వంకర పోవడం, చేయి పడిపోవడం, మాట ముద్దగా రావడం కనిపిస్తే అప్పుడే 108కు ఫోన్ చేయండి; చివరి మాత్ర ఎన్ని గంటలకు వేసుకున్నారో ఆసుపత్రిలో చెప్పండి, దాన్నిబట్టి వైద్యం మారుతుంది.

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. చిన్నప్పుడు కీళ్లవాతం జ్వరం వచ్చి మైట్రల్ కవాటం ముడుచుకుపోయింది. పన్నెండేళ్ల కిందట బెలూన్ వేసి తెరిచారు. ఇప్పుడు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కూడా ఉంది. రక్తం పలచబరిచే ఎసినోకుమరాల్ వాడుతున్నాను. రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్‌ఆర్ పరీక్షలో ఒకసారి 1.4, ఇంకోసారి 4.8 వస్తోంది. ఆకుకూరలు పూర్తిగా మానేయమన్నారు. అమెరికాలో మా పిన్నిగారు రక్త పరీక్ష అక్కరలేని కొత్త మాత్ర వాడుతున్నారట, నేనూ మారవచ్చా? రెండో బిడ్డను కనాలనుకుంటున్నాం.
– ఒక పాఠకురాలు, మార్కాపురం

జవాబు: మీ పిన్నిగారి జబ్బూ మీ జబ్బూ పేరుకు ఒకటే గానీ వేరని గుర్తించండి. మీలా కీళ్లవాతం జ్వరం వల్ల వచ్చిన (రుమాటిక్) కవాట జబ్బుతో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్న సుమారు 4,500 మందిపై, మన దేశంతో సహా 24 దేశాల్లో జరిగిన ఇన్విక్టస్ అధ్యయనం 2022లో వెలువడింది. కొత్త రకానికి చెందిన రివరాక్సబాన్ కంటే వార్ఫరిన్ కోవకు చెందిన పాత మందులు వాడినవారిలోనే మరణాలు తక్కువగా ఉన్నాయి. మీ ఎసినోకుమరాల్ ఆ పాత కోవలోనిదే. కవాటం బాగా ముడుచుకున్నవారు, లోహపు కవాటం పెట్టించుకున్నవారు ఎవరి మాట మీదా కొత్త మాత్రలకు మారకూడదు.

ఆకుకూరలు మానేయనక్కరలేదు. వాటిలోని విటమిన్ కె మీ మందుకు ఎదురు పనిచేస్తుంది, నిజమే. అయితే వారానికి రెండు మూడుసార్లు ఇంచుమించు ఒకే మోతాదులో తింటూ ఉంటే మందు మోతాదును దానికి తగ్గట్టు సరిచేయవచ్చు. ఎగుడుదిగుడులే చిక్కు తెస్తాయి. ఆషాఢంలో మునగాకు మంచిదని రోజూ వండుకుంటే ఐఎన్‌ఆర్ పడిపోతుంది. కార్తీకంలో ఉపవాసాలుండి అన్నం, కూర తగ్గిస్తే అదే ఐఎన్‌ఆర్ పైకెగురుతుంది. మీకు 1.4, 4.8 వచ్చిన తేదీలను క్యాలెండరులో చూసుకోండి, కారణం అక్కడే దొరకవచ్చు. తిండిలో తేడా లేకపోతే మందుల వైపు చూడాలి: విరేచనాలకు వేసుకునే మెట్రోనిడజోల్, ఫంగస్‌కు ఇచ్చే ఫ్లుకోనజోల్, కోట్రైమాక్సజోల్ ఐఎన్‌ఆర్‌ను పెంచుతాయి, క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ బాగా తగ్గిస్తుంది. ఏ కొత్త మందు మొదలుపెట్టినా, మూలికా మందైనా సరే, నాలుగైదు రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించండి. మీకు అది 2కూ 3కూ మధ్య ఉండాలి.

బిడ్డ విషయం అన్నింటికంటే ముఖ్యం. ఈ కోవ మందులు గర్భం తొలి నెలల్లో, ముఖ్యంగా 6వ వారం నుంచి 12వ వారం లోపల, పిండానికి లోపాలు తేగలవు. అలాగని గర్భం నిలిచిందని తెలియగానే మీరే మందు ఆపేస్తే గడ్డకట్టి తల్లికే ప్రాణాపాయం. ఆ వారాల్లో బదులుగా హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చే పద్ధతి ఉంది. అంతకంటే ముందు, కవాటం మళ్లీ ముడుచుకుందేమో ఎకోలో చూడాలి. ముడుచుకుని ఉంటే గర్భం భారాన్ని గుండె మోయలేదు. కాబట్టి గుండె డాక్టరు, ప్రసూతి డాక్టరు ఇద్దరూ సరేననే దాకా గర్భం రాకుండా జాగ్రత్తపడండి. కీళ్లవాతం జ్వరం తిరగబెట్టకుండా మూడు లేదా నాలుగు వారాలకోసారి వేయించుకునే పెన్సిలిన్ ఇంజెక్షను సంగతి మీరు రాయలేదు. దాన్ని మీ అంతట మీరే మానేసి ఉంటే మళ్లీ డాక్టరును అడగండి.

ప్రశ్న: డల్లాస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను, 29 ఏళ్లు. రాత్రి పడుకున్నాక గుండె ఒక దెబ్బ తప్పి, తర్వాతిది గట్టిగా కొట్టుకున్నట్టు ఉంటోంది. వాచీ ఒకసారి ‘లయ సరిగా లేదు’ అని హెచ్చరించింది. రోజుకు ముప్పైసార్లు చూసుకుంటున్నాను.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు వర్ణించినది ఎక్టోపిక్ స్పందనలా ఉంది. నిజానికి దెబ్బ తప్పదు, ఒక దెబ్బ తొందరపడి ముందే వచ్చేస్తుంది. దాని తర్వాత కాస్త విరామం, ఆ విరామంలో ఎక్కువ రక్తం నిండడం వల్ల తర్వాతి దెబ్బ గట్టిగా తెలుస్తుంది. గుండె రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది, అందులో కొన్ని ఇలాంటివి ఆరోగ్యవంతుల్లోనూ ఉంటాయి. హోల్టర్‌లో అవి పది శాతం దాటితే మాత్రం గుండె కండరం బలహీనపడకుండా కనిపెట్టి చూడాలి.

వాచీ హెచ్చరిక అనుమానమే తప్ప నిర్ధారణ కాదు. నాలుగు లక్షల మందికి పైగా పాల్గొని 2019లో ఫలితాలు వెలువడిన యాపిల్ అధ్యయనంలో హెచ్చరిక అందినవారు నూటికి 0.5 మంది, వారిలో తర్వాత ఛాతీకి ఈసీజీ పట్టీ అంటించుకున్నవారిని చూస్తే మూడింట ఒక వంతు మందిలోనే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ దొరికింది. మీ వాచీలో ఈసీజీ సదుపాయం ఉంటే బాధ తెలిసినప్పుడు మాత్రమే 30 సెకన్లు నమోదు చేసి డాక్టరుకు పంపండి, రోజుకు ముప్పైసార్లు చూసుకోవడం మానండి. ఎనర్జీ డ్రింకులు, వారాంతపు మద్యం, నిద్రలేమి ఎంత ఉన్నాయో మీకే తెలుసు. పరుగెత్తుతున్నప్పుడు స్పృహ తప్పినా, మీ రక్తసంబంధీకుల్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉన్నా ఈ ధైర్యం చెప్పడం మీకు వర్తించదు. వెంటనే పరీక్షలకు వెళ్లండి.

ప్రశ్న: మా అమ్మకు 76 ఏళ్లు. రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. నాడి 38 ఉందని, పేస్‌మేకర్ పెట్టాలని అన్నారు. ఈ వయసులో అవసరమా? ఇంట్లో ఇండక్షన్ స్టవ్ ఉంది, అమ్మకు మొబైల్ అలవాటు. చివరి రోజుల్లో ఆ యంత్రం ప్రాణాన్ని పోనివ్వదని బంధువులు భయపెడుతున్నారు.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ముందు ఆమె వాడుతున్న మందుల చీటీ తీయండి. బీపీకి ఇచ్చే ఎటెనొలాల్, మెటోప్రొలాల్, డిల్టియాజెమ్ నాడిని తగ్గిస్తాయి. కంటిలో నీటికాసులకు వేసే టిమొలాల్ చుక్కలు కూడా తగ్గిస్తాయి. కంటి చుక్కలను ఎవరూ మందుల్లో లెక్కపెట్టరు గనుక ఇది తరచు దాటిపోతుంది. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారిలో టెల్మిసార్టాన్, స్పైరొనొలాక్టోన్ వంటి మందులకు తోడు రోజూ కొబ్బరినీళ్లు తాగితే పొటాషియం పెరిగి గుండె నెమ్మదిస్తుంది. ఇవేవీ కారణం కాదని తేలి, ఈసీజీలో పూర్తి హార్ట్ బ్లాక్, అంటే పై గదుల కరెంటు కింది గదులకు అసలు చేరకపోవడం, కనిపిస్తే మాత్రం పేస్‌మేకర్‌కు ప్రత్యామ్నాయం లేదు, ఆలస్యం చేయకండి. మరోసారి పడితే తుంటి ఎముకతో పోవచ్చు, ప్రాణంతోనూ పోవచ్చు. వయసు అడ్డంకి కాదు: భుజం కింద చర్మానికి మత్తిచ్చి, సాధారణంగా ఒక గంటలోపు ముగించే పని ఇది. ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ) కార్డు ఉంటే ఆసుపత్రిలోని ఆ పథకం సహాయకులను ముందుగా కలవండి.

పూర్తిగా శరీరం లోపల పెట్టే మొదటి పేస్‌మేకర్‌ను 1958 అక్టోబరు 8న స్టాక్‌హోమ్‌లో ఆర్నె లార్సన్ అనే ఇంజనీరుకు అమర్చారు. అది కొన్ని గంటలకే ఆగిపోయింది. ఆయన తర్వాత ఎన్నో యంత్రాలు మార్పించుకుంటూ 2001 దాకా, 86 ఏళ్లు బతికారు. ఇప్పటి యంత్రాల బ్యాటరీ సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండేళ్లు వస్తుంది.

మొబైల్‌ను యంత్రం ఉన్న వైపు జేబులోనో జాకెట్టులోనో పెట్టుకోకుండా, రెండో చెవికి పెట్టుకుని మాట్లాడితే చాలు. కనీసం 15 సెంటీమీటర్ల దూరం ఉండాలి. ఇండక్షన్ స్టవ్‌కు 60 సెంటీమీటర్లు ఎడంగా నిలబడాలి. గ్యాస్ పొయ్యి, మిక్సీ, టీవీ వల్ల ఇబ్బంది లేదు. గుడిలో, విమానాశ్రయంలో మెటల్ డిటెక్టర్ కింద ఆగకుండా దాటిపోవచ్చు. పేస్‌మేకర్ కార్డు చూపించాలి. ఎమ్మారై తీయవలసి వస్తే ఆ కార్డు చూసే నిర్ణయిస్తారు. మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు ఆ వైపు చేయి భుజానికి మించి ఎత్తకూడదు, తల దువ్వడానికి మీరే సాయం చేయండి.

ప్రాణాన్ని పోనివ్వదన్న మాట నిజం కాదమ్మా. యంత్రం చిన్న కరెంటు సంకేతాన్ని మాత్రమే పంపుతుంది. అంత్యకాలంలో ప్రాణవాయువు అందక గుండె కండరం చచ్చుబడిన తర్వాత ఆ సంకేతానికి అది పలకదు. అయితే మీ బంధువులకు తెలియవలసిన సంగతి మరొకటి ఉంది, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెబుతున్నాను. యంత్రంలోని లిథియం బ్యాటరీ మంటల్లో పేలుతుంది కాబట్టి దహనానికి ముందు దాన్ని తప్పక తీయించాలి. ఆసుపత్రిలో చిన్న కోతతో తీసివేస్తారు. ఆ సమయం వచ్చినప్పుడు మీరు గుర్తుంచుకునే స్థితిలో ఉండరు గనుక, పేస్‌మేకర్ కార్డు వెనుక ఇప్పుడే ఒక ముక్క రాసి పెట్టండి.